నీట్ సీటు రాలేదు, పాప జీన్ సైలెన్సింగ్ అంటోంది, పంపాలా?

అన్నా, మీ మెసేజ్ రెండుసార్లు చదివాను. కడప దగ్గర మూడెకరాల బొప్పాయి, పోయినేడు వైరస్ తగిలి తోట మొత్తం పీకేశారు, పాపకి బైపీసీ అయిపోయింది, నీట్‌లో సీటు రాలేదు, మళ్ళీ లాంగ్‌టర్మ్‌లో వెయ్యాలా లేక తను పట్టుబడుతున్నట్టు మొక్కలకి వైరస్ రాకుండా చేసే జీన్ సైలెన్సింగ్ వైపు పంపాలా అనడిగారు. పాప మాట వినండి అనే చెప్తాను, తోట పీకేటప్పుడు పక్కనుండి చూసిన పిల్లకి ఊరికే పుట్టిన ఆలోచన కాదిది.

మీ తోటలో ఆకులు తాడులా సన్నబడి కాయ మీద రింగులు రింగులుగా మచ్చలొచ్చాయన్నారు కదా, అది రింగ్‌స్పాట్ వైరస్సే అయ్యుంటుంది. 1992లో అదే వైరస్ అమెరికాలోని హవాయి రాష్ట్రంలో పూనా అనే ప్రాంతానికి చేరింది, ఆ రాష్ట్రం బొప్పాయి దాదాపు అంతా అక్కడే పండేది, తోటలకి తోటలే పోయాయి. హవాయిలోనే పుట్టిన డెనిస్ గోన్సాల్వెస్ అనే సైంటిస్టు టీమ్ అప్పటికే వైరస్ పైపొర ప్రోటీన్ జీన్‌ని బొప్పాయిలో పెట్టి చూస్తోంది, 1998లో రెయిన్‌బో రకం విత్తనం రైతుల చేతికొచ్చింది, తోటలు మళ్ళీ లేచాయి. ఎలాగంటే మొక్క ఆ జీన్ తాలూకు ఆర్‌ఎన్‌ఏని, అంటే జీన్ సమాచారాన్ని మోసే కాపీని, 21-24 రసాయన అక్షరాల చిన్న ముక్కలుగా కోసి దగ్గర పెట్టుకుంటుంది, అసలు వైరస్ లోపలికి రాగానే ఆ ముక్కలు పట్టిస్తాయి, మొక్క దాని ఆర్‌ఎన్‌ఏని అక్కడికక్కడే నరికేస్తుంది, పాప అంటున్న జీన్ సైలెన్సింగ్ ఇదే. అక్షరాలు కలవకపోతే మాత్రం పని జరగదు, అందుకే రెయిన్‌బో హవాయి బయటి వైరస్ స్ట్రెయిన్లు (ఉపరకాలు) చాలావాటికి ఆగలేదు. మన వైరస్‌కి మనవాళ్ళే చేసుకోవాలన్నమాట, పాపకి పని ఉండేది అక్కడే.

ఇబ్బంది కూడా చెప్పాలి. మన దేశంలో రైతులు సాగుచేస్తున్న జీఎం (జీన్ మార్చిన) పంట 2002 నుంచీ బీటీ పత్తి ఒక్కటే, పర్మిషన్లు అంత ఈజీ కాదు. అందుకని నేరుగా బీఎస్సీ బయోటెక్నాలజీలో వెయ్యొద్దు, బీఎస్సీ అగ్రికల్చర్ చేయించండి, ల్యాబ్ కుదరకపోయినా ఏఓ (వ్యవసాయాధికారి) పోస్టులు, బ్యాంకులు, విత్తన కంపెనీలు ఉంటాయి. తర్వాత ఐసీఏఆర్ (జాతీయ వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ ఎంట్రన్స్ రాసి ప్లాంట్ పాథాలజీ (మొక్కల తెగుళ్ళ చదువు) గానీ మాలిక్యులర్ బయాలజీ గానీ తీసుకోవాలి, ఆపైన పీహెచ్‌డీ, మొత్తం పదేళ్ళు అనుకోండి, పెళ్ళి తొందర మాత్రం పెట్టకండి ప్లీజ్.

అగ్రికల్చర్ సీటుకి కావాల్సిన ఈఏపీసెట్ రాసిందో లేదో మీరు చెప్పలేదు, రాసుంటే ర్యాంకు పంపండి. ఎన్జీ రంగా వ్యవసాయ యూనివర్సిటీలో రైతు కోటా ఉంది, పొలం పాస్‌బుక్కూ ఊళ్ళో చదివిన స్టడీ సర్టిఫికెట్లూ ఈ వారమే తీసిపెట్టుకోండి.