అటక మీద దొరికిన పాత ఆటోమేటిక్ ఫ్లై రీల్‌తో ఇంకా చేపలు పట్టొచ్చా?

అటక సర్దుతుంటే తాతగారి ఆటోమేటిక్ ఫ్లై రీల్ (గాలం కర్రకి బిగించేది, లివర్ నొక్కితే లోపలి స్ప్రింగు బలంతో దారాన్ని తనే చుట్టేసుకునేది) దొరికిందనీ, లివర్ నొక్కినా కదలడం లేదనీ, బాగుచేయించి వాడాలా, షోకేసులో పెట్టుకోవాలా అనీ అడిగారు. షోకేసులో పెట్టకండి, వాడండి. కానీ ఈ జవాబు మొత్తం చదివేదాకా దాని స్క్రూ ఒక్కటి కూడా విప్పకండి.

మాది విశాఖపట్నం. 1957లో ఇక్కడ కాల్‌టెక్స్ రిఫైనరీ మొదలైంది, తర్వాత అదే హెచ్‌పీసీఎల్ అయింది. మా తాతయ్య అందులో ఫిట్టర్. అమెరికా తిరిగి వెళ్ళిపోతున్న ఒక ఇంజినీరు తన మార్టిన్ కంపెనీ రీల్‌నీ, రెండు ముక్కల రాడ్‌నీ తాతయ్య చేతిలో పెట్టి వెళ్ళాడట. తాతయ్య దాన్ని ‘కీ గాలం’ అనేవారు. చిన్నప్పుడు మాకు అదొక ముద్దుపేరు అనిపించేది.

తాతయ్య పోయాక అది నా దగ్గరికి వచ్చింది. ఒక చలికాలమంతా ఆదివారం ఆదివారం భీమిలి తీసుకెళ్ళాను, గోస్తని సముద్రంలో కలిసే చోటికి. అక్కడ నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఇంటికొచ్చి పైపైన గుడ్డతో తుడిచి తోలు సంచిలో పెట్టేసేవాణ్ణి. మళ్ళీ ఏడాది తీసేసరికి లివర్ బిగుసుకుపోయింది. మా ఊళ్ళో సముద్రపు గాలికి కిటికీ ఊచలే తుప్పు పట్టిపోతాయి, ఇక సన్నటి ఉక్కు స్ప్రింగు ఎంత?

గాలాల సామాన్లు అమ్మే ఒక దుకాణానికి తీసుకెళ్ళాను. అతను ఏమీ అడగకుండా తుప్పు స్ప్రే కొట్టి, స్క్రూడ్రైవర్‌తో పక్క మూత లేపాడు. లోపల స్ప్రింగు అప్పటికే కీ ఇచ్చి బిగుసుకుని ఉంది. రీల్ పట్టుకున్నది నేను. చప్పుడు కూడా సరిగా వినపడలేదు, బొటనవేలి మొదలు నుంచి మణికట్టు దాకా గీరేసింది. నాలుగు కుట్లు పడ్డాయి. అతను స్ప్రింగును పాలిథిన్ కవర్లో వేసి ఇచ్చి, "ఇక దీనికి సామాను దొరకదండీ" అన్నాడు. ఆ మాటకి ఇప్పటికీ కోపమే నాకు. తెలియని వస్తువు ముందుకొస్తే తెలియదని చెప్పి తిప్పి పంపితే ఎవరి పరువూ పోదు.

కట్టుకట్టిన చేత్తో ఆ కవరు పట్టుకుని కురుపాం మార్కెట్ దగ్గర వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. మా నాన్నగారి వాచీ ఎప్పుడూ ఆయనే చూసేవారు. కంటికి భూతద్దం పెట్టుకుని స్ప్రింగు చివర కొక్కేన్ని చాలాసేపు చూశారు. "ఎవులు ఇప్పేరు బాబూ దీన్ని?" అన్నారు. చెప్పాను. "కీ దింపకుండా ఇప్పేత్తే మరి సెయ్యి తెగదేటి? ఇది వాచీయే బాబూ. కాపోతే టైము సెప్పదు, దారం సుడతాది."

రెండు రోజుల తర్వాత రమ్మన్నారు. వెళ్ళేసరికి స్ప్రింగును కిరసనాయిల్లో నానబెట్టి, ఎండిపోయి గట్టిపడిన పాత గ్రీజంతా తీసేశారు. కొత్త గ్రీజు పల్చగా, వేలికి అంటీ అంటనట్టు రాశారు. తర్వాత నా ముందే, తోలు ముక్క అడ్డం పెట్టుకుని, ఒక్కో చుట్టే నొక్కుకుంటూ డబ్బాలోకి ఎక్కించారు. మూత బిగించి నా చేతికిచ్చి "నొక్కండి" అన్నారు. జర్రున తిరిగింది.

మార్టిన్ కంపెనీ మొదలుపెట్టిన హెర్మన్ మార్టిన్ కూడా న్యూయార్క్ రాష్ట్రంలో వాచీలు బాగుచేసేవాడేనని తర్వాతెప్పుడో చదివాను. మిచెల్ ఆటోమేటిక్ రీళ్ళు తయారైన క్లూజ్ ఫ్రాన్స్‌లో గడియారాల పనికి పేరున్న ఊరు. మా పెద్దాయనకి ఇవేవీ తెలియవు. చేత్తో పట్టుకుని చెప్పేశారు. ఇప్పుడు ఆయన లేరు, ఆ బల్ల మీద సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. వాచీ షాపులంటే బ్యాటరీ మార్చే చోట్లయిపోయాయి. మీ ఊళ్ళో కీ గడియారం బాగుచేసే మనిషి ఒక్కరు మిగిలి ఉన్నా ఆయన దగ్గరికే వెళ్ళండి, గాలాల దుకాణానికి వద్దు.

వెళ్ళేలోగా మీరు చేయగలిగింది కీ దింపడం, అంటే బిగుసుకున్న స్ప్రింగును వదులు చేయడం. చాలా రీళ్ళకి పక్కన అందుకో మీటో బొత్తమో ఉంటుంది. లేకపోతే దారం తీసేసి, లివర్ నొక్కిపట్టి, దారం చుట్టుకునే స్పూల్‌ని బొటనవేలితో ఆపుతూ మెల్లగా వదలండి. మీ లివర్ అసలు కదలడం లేదు కాబట్టి లోపల కీ ఉన్నట్టే అనుకుని, దాన్ని బలవంతం చేయకుండా అలాగే తీసుకెళ్ళండి. బాగయ్యాక కూడా ప్రతిసారీ కీ దింపే దాచాలి. ఇరుసుకి కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క చాలు. కొబ్బరినూనె మాత్రం వద్దు, మా అమ్మమ్మ ప్రేమగా పోసిన కొబ్బరినూనె జిగురు కట్టింది. తోలు సంచి చెమ్మ పట్టి ఉంచుతుంది, నూలు గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టండి.

వాడేటప్పుడు కీ పూర్తిగా ఇచ్చేయకూడదు. దారం బయటికి లాగుతుంటే స్ప్రింగు దానంతటదే బిగుస్తుంది. ముందే నిండా బిగిస్తే దారం రాదు. చేపను ఎడమచేత్తో దారం లాగి దగ్గరికి తెచ్చుకోండి. కాళ్ళ దగ్గర కుప్పపడిన దారాన్ని చిటికెనవేలితో లివర్ నొక్కి చుట్టించండి. ఈ రీల్ పుట్టిందే ఆ పనికి. ఒకేసారి నొక్కిపట్టకండి, దారం కొసన ఈకలు కట్టిన గాలం దూసుకొచ్చి రాడ్ కొసకి తగిలితే కొస విరుగుతుంది. కొంచెం నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కాలి.

పావుకిలో దగ్గర బరువుంటుందనీ, కొత్త రీళ్ళు అందులో సగం కూడా ఉండవనీ కుర్రాళ్ళు అంటారు. బరువు సంగతి సరే, కింద పడిన దారాన్ని ఇది వెంటనే చుట్టేసుకుంటుంది. ఆనందపురం దగ్గర మాకు తెలిసినవాళ్ళ చెరువు గట్టంతా తుమ్మ ముళ్ళే. మామూలు రీల్‌తో వచ్చిన మా తమ్ముడు దారం విడదీసుకుంటూ అరపూట కూర్చున్నాడు. నా దారం ఒక్కసారి కూడా ముల్లెక్కలేదు. ఆ రోజు నాకు పడినవి అరచేతిలో పట్టే పరిగెలే, మళ్ళీ నీళ్ళలో వదిలేశాను.

పెద్ద చేపలకి మాత్రం దీన్ని తీసుకెళ్ళకండి. లోపల పట్టే దారమే తక్కువ, పైగా చేప ఈడ్చుకుపోతుంటే స్ప్రింగు చివరిదాకా బిగుసుకుని ఆగిపోతుంది. ఆ క్షణంలో దారం తెగుతుంది. ఇది మంచినీళ్ళ చిన్న చేపల సామాను. భీమిలి ఉప్పునీళ్ళకి తీసుకెళ్ళింది నా తప్పు, రీల్ తప్పు కాదు.

తెగిన దారం ఎక్కడపడితే అక్కడ పారేయకండి కూడా. రుషికొండ రాళ్ళ మీద నైలాన్ దారం కాళ్ళకి చుట్టుకుని కుంటుతున్న కాకుల్ని చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

మీది ఏ కంపెనీదో రాయలేదు. పక్క మూత మీదో, రాడ్‌కి బిగించే కాలు మీదో పేరూ నంబరూ ఉంటాయి. ఫొటో పెట్టండి, కీ దింపే మీట ఎక్కడుందో చూసి చెప్తాను.