చాలా తెలివైన పిల్లలకు మామూలు బడి చదువు సరిపోతుందా?

చాలామందికి సరిపోదు, ముఖ్యంగా పాఠం నడిచే వేగం విషయంలో. తరగతులను వయసును బట్టి కడతారు, పాఠం సగటు విద్యార్థికి అందేలా సాగుతుంది. భిన్నాల కూడిక మొదటి లెక్కతోనే పట్టేసిన పిల్లకు మిగతా ఇరవై లెక్కలూ చేతిరాత ప్రాక్టీసే! అన్నీ సులువుగా వచ్చేస్తుంటే కష్టపడి చదవడం అలవాటు కాదు. నా దృష్టిలో అసలు నష్టం ఇదే.

పై తరగతికి దూకించడం ఒక్కటే దారి కాదు. గణితవేత్త టెరెన్స్ టావో 9 ఏళ్లకే యూనివర్సిటీలో లెక్కల క్లాసులకు వెళ్తూ, మిగతా సబ్జెక్టులు స్కూల్లోనే చదివాడు. 2006లో గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ అందుకున్నాడు.

తెలివైనవాళ్లు ఎక్కడున్నా వాళ్లే పైకొస్తారని చాలామంది అనుకుంటారు. విసుగొచ్చి హోంవర్క్ మానేసి, మార్కులు తగ్గి, సోమరి అనిపించుకునేవాళ్లు వాళ్లలోనూ ఉంటారు.