పాత పేర్లు మార్చాలా, వద్దా?

ప్రశ్న: మా ప్రాజెక్ట్ కోడ్ నిండా మాస్టర్, స్లేవ్ (ఒకటి నడిపేది, ఇంకోటి దాని మాట వినేది), బ్లాక్‌లిస్ట్ (రానివ్వకూడనివాటి జాబితా) లాంటి పేర్లే. కొత్తగా చేరిన ఒకమ్మాయి వీటిని మారుద్దాం అంది. సీనియర్లేమో "ఎవరికీ లేని ఇబ్బంది మనకెందుకు, నడుస్తున్న కోడ్ పాడవుతుంది" అంటున్నారు. లీడ్‌గా నేనే తేల్చాలి. ఏం చెయ్యమంటారు?

జవాబు: మార్చండి. ఎవరికీ ఇబ్బంది లేదని మీ సీనియర్లు అడిగి తెలుసుకున్నారా, లేక ఇన్నాళ్లూ ఎవరూ నోరు విప్పలేదు కాబట్టి అనుకుంటున్నారా? మనుషుల్ని కొని అమ్మిన కాలం నాటి మాటను రోజూ పనిలో చదవాల్సి రావడం కొందరికి గుచ్చుకుంటుంది, ఆ సంగతి పైకి చెప్పడానికి కొత్తవాళ్లు ఎంత జంకుతారో మీకు తెలియంది కాదు. ఇదేం మీతో మొదలైన గొడవ కూడా కాదు. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో 2014లోనే మాస్టర్, స్లేవ్ మానేసింది. 2020లో లినక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) కోడింగ్ నియమాల్లోకీ ఈ మాటలు కొత్తగా వాడొద్దన్నది వచ్చింది, అదే ఏడాది అక్టోబర్ నుంచి కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్‌లో కొత్త రిపోజిటరీలకు (ప్రాజెక్ట్ కోడ్ ఉండే చోటు) డిఫాల్ట్ బ్రాంచ్, అంటే కోడ్ ప్రధాన శాఖ, పేరు మాస్టర్ పోయి మెయిన్ అయింది.

అయితే కోడ్ పాడవుతుందన్న భయాన్ని మాత్రం కొట్టిపారెయ్యకండి. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ఒక్క దెబ్బకి మార్చేస్తే నిజంగానే పాడవుతుంది. పైగా ఒకే పేరు అన్నిచోట్లా కుదరదు: డేటాబేస్‌లో ప్రైమరీ, రెప్లికా (అసలుది, దాని నకలు) అంటే సరిపోతుంది, పనులు పంచే సర్వర్ దగ్గర కంట్రోలర్, ఏజెంట్ (పని చెప్పేది, చేసేది) అనాలి, అది చేసే పనిని బట్టి పేరు పెట్టాలి. వేరియబుల్స్, కామెంట్లు, డాక్యుమెంట్లు మీ చేతిలోవే, టెస్టులు నడిపి ధైర్యంగా మార్చెయ్యండి. కాన్ఫిగ్ కీలు (సెట్టింగుల పేర్లు), ఏపీఐ (వేరే ప్రోగ్రాములు మీదానితో మాట్లాడే దారి) ఫీల్డులు, కమాండ్ ఆప్షన్లు అలా కాదు, వాటిని నమ్ముకుని బయటివాళ్లు స్క్రిప్టులు రాసుకుని ఉంటారు. అక్కడ కొత్త పేరు చేర్చి, పాతదీ పనిచేసేలా ఉంచి, వాడినప్పుడల్లా వార్నింగ్ ఇచ్చి, ఏ వెర్షన్‌లో తీసేస్తారో ముందే చెప్పాలి. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ 2020లో స్టార్ట్ రెప్లికా కమాండ్ తెచ్చింది, పాత స్టార్ట్ స్లేవ్‌ని తీసేసింది 2024లో వచ్చిన 8.4 వెర్షన్‌లోనే! ఇంకో డేటాబేస్ రెడిస్ కూడా 2018లో కొత్త కమాండ్ ఇచ్చి పాతదాన్ని పనిచేయనిచ్చింది. హార్డ్‌వేర్ స్పెసిఫికేషన్‌లోనే పాత మాట ఉంటే లినక్స్ కూడా మినహాయింపు ఇస్తుంది, మీరూ ఇవ్వండి.

బ్రాంచ్ పేరు మార్చడం చిన్నపనే అనిపిస్తుంది, టెన్షన్ పెట్టేది అదే. పాత వెబ్ లింకుల్ని గిట్‌హబ్ కొత్త పేరుకి మళ్లిస్తుంది గానీ, డిప్లాయ్ స్క్రిప్టుల్లో రాసిపెట్టిన పేరు మారదు, అందరి కంప్యూటర్లలో ఉన్న కాపీలూ మారవు. ముందు పాత పేరు ఎక్కడెక్కడ ఉందో వెతికించండి, రిలీజ్ లేని రోజు చూసుకుని మార్చండి.

ఇంకోమాట, ఈ పనంతా ఆ అమ్మాయి నెత్తిన వేసి వదిలెయ్యకండి. అడ్డుచెప్పిన సీనియర్లలో ఒకరిని రివ్యూకి కూర్చోబెట్టండి, ఏ పాత పేరు ఎవరి స్క్రిప్టులో ఉందో వాళ్లకే బాగా తెలుసు.