సందేహాలు – సమాధానాలు: పోర్టు తెరుచుకోలేదా, తెరిచి లేదా?

సందేహం: సార్, మాది విజయనగరం, సర్వర్ సపోర్ట్‌లో పనిచేస్తున్నా. ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో ఎస్_క్లయింట్ (సర్వర్‌కి సురక్షిత కనెక్షన్ కలుస్తుందో లేదో చూసేది) కమాండ్‌తో చెక్ చేసి, రిపోర్టులో "443 పోర్టు తెరుచుకోలేదు" అని రాశా (పోర్టంటే సర్వర్‌లోకి వెళ్లే నంబరున్న వాకిలి లాంటిది, 443 సురక్షిత వెబ్‌సైట్లది). మా సీనియర్ "తెరిచి లేదు" అనాలంటున్నారు. ఏది కరెక్ట్?

సమాధానం: రెండూ తెలుగే బాబూ, కానీ ఇక్కడ నా ఓటు మీ సీనియర్‌కే. తెరుచుకుంది అంటే అప్పటిదాకా మూసున్నది కాస్తా తెరుచుకుందని కదా, మీ కమాండేమో దేన్నీ తెరవదు, అవతల వినేవాడు ఉన్నాడో లేడో తట్టి చూస్తుందంతే, అంచేత ఉన్న స్థితి చెప్పే "తెరిచి ఉంది", "తెరిచి లేదు" నప్పుతాయి. మన వైపు ఇళ్లల్లో "తలుపు తీసుందా?" అంటే "లేదు, వేసీసుంది" అంటాం చూడండి, ఆ తీసుంది, వేసీసుంది కూడా పోర్టుకి భేషుగ్గా సరిపోతాయి, రిపోర్టులో రాయడానికి మొహమాటం ఎందుకో నాకైతే అర్థం కాదు.

నా అసలు పేచీ వేరే. మీరు ఏ ఎర్రర్ వచ్చినా ఒకటే వాక్యం రాసేస్తున్నట్టున్నారు. లైనక్స్‌లో ఎర్రర్ నంబర్ 111 వచ్చిందంటే తట్టగానే అవతల్నుంచి "కాదు పో" అని జవాబొచ్చింది, అంటే మెషిన్ బతికే ఉంది, చాలామట్టుకు ఆ పోర్టు మీద వినే ప్రోగ్రామే నడవట్లేదు. దీనికి "వేసీసుంది" అనొచ్చు. 110 అయితే ఉలుకూ పలుకూ లేదన్నమాట, మధ్యలో కాపలా కాసే ఫైర్‌వాల్ మింగేసిందో, మెషినే ఆగిపోయిందో మీకూ తెలీదు, తెలీనప్పుడు మూసి ఉందని ఎలా రాస్తారు, "పలకలేదు" అనండి చాలు.

ఇంకోటి, తెర మీద "కనెక్టెడ్" అని పడగానే "అంతా ఓకే" అని రాసేయకండి. అది టీసీపీ, అంటే రెండు మెషిన్ల మధ్య మామూలు లైను, కలిసిందని మాత్రమే, ఆ లైను మీద మాటల్ని రహస్యంగా ఉంచే టీఎల్ఎస్ సంగతి ఆ తర్వాత. టీఎల్ఎస్ లేని మామూలు 80 పోర్టు మీద ఇదే కమాండ్ కొడితే ముందు కనెక్టెడ్ అనే వస్తుంది, వెంటనే "రాంగ్ వెర్షన్ నంబర్" అని గొడవ. మెయిల్ పోర్టు 587 కూడా అంతే, స్టార్ట్‌టీఎల్ఎస్ (ముందు మామూలుగా మొదలెట్టి తర్వాత టీఎల్ఎస్‌కి మారే) ఆప్షన్ ఇవ్వకపోతే బాగున్న సర్వరే పాడైనట్టు కనిపిస్తుంది. అలాంటప్పుడు "కలిసింది గానీ మాట కుదర్లేదు" అని రాయండి. చివర్లో సర్వర్ గుర్తింపు పత్రం (సర్టిఫికెట్) తనిఖీ ఫలితం చెప్పే వెరిఫై కోడ్ 10 వచ్చిందా, "సర్టిఫికెట్ గడువు దాటింది" అనండి, పాపం పోర్టు మీదికి తోసేయకండి.