పాఠకుల ప్రశ్నలు: ఒకే గదిలో నీళ్లూ నిప్పూ

ప్రశ్న: చాలాకాలంగా రాళ్లు సేకరిస్తున్నాను. వెండి రేకుతో చిన్న చిన్న ఉంగరాలు చేయడం కూడా నేర్చుకున్నాను. ఇంట్లో పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు ఉన్న గది ఒకటి ఖాళీగా ఉంది. లోహపు పనికీ, రాళ్లకు సాన పట్టడానికీ ఆ ఒక్క గదే సరిపోతుందా? ముందుగా ఏ పనిముట్లు కొనుక్కోవాలి?

జవాబు: గది సరిపోతుంది. అయితే పనిముట్ల జాబితా రాసుకోవడానికి ముందే, ఆ గదిలో నీళ్లు ఏ మూలకు పోవాలో, నిప్పు ఏ మూలన ఉండాలో నిర్ణయించుకోండి. సానయంత్రానికి నీళ్లు కావాలి; అది తుంపరలనూ రాతి బురదనూ చుట్టూ చిమ్ముతుంది. లోహపు పనికి పొడిగా, శుభ్రంగా ఉండే చోటు కావాలి. ఈ రెండూ పక్కపక్కనే ఉంటే ఆకురాళ్లు, పట్టకార్లు తుప్పు పడతాయి. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. ముతక సాన నుంచి రాలిన ఒక్క రేణువు మెరుగుపెట్టే చక్రానికి అంటుకున్నా, గంటసేపు శ్రమించి తెచ్చిన వెండి నునుపు మీద గీతలు పడతాయి. అందువల్ల తూము ఉన్న గోడ వైపు సానయంత్రాన్నీ, దానికి ఎదురుగా లోహపు బల్లనూ పెట్టి, నడుమ ఒక తెర వేలాడదీయండి. రెండు వైపులకూ వేర్వేరు తువ్వాళ్లు ఉంచుకోండి.

లోహపు బల్లను కిటికీ దగ్గర వేసుకోండి. కూర్చున్నప్పుడు పనిచెక్క (బల్ల అంచుకు బిగించి, వస్తువును ఆనించి పనిచేసే చెక్క) మీ రొమ్ము ఎత్తుకు రావాలి. మామూలు బల్ల ఎత్తులో పనిచేస్తే మెడా నడుమూ త్వరలోనే నొప్పి పెడతాయి. అతికే చోటు మాత్రం కొంచెం చీకటిగా ఉండాలి. స్వచ్ఛమైన వెండి 962 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది గాని, నగలకు వాడే 925 వెండి (వెయ్యి పాళ్లలో 925 వెండి, మిగతాది ఎక్కువగా రాగి) సుమారు 800 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. టంకం (అతికించడానికి కరిగించే లోహం) పారే వేడికీ వెండి కూలిపోయే వేడికీ మధ్య ఎడం తక్కువ కాబట్టి, లోహం ఎర్రబారే తొలి ఛాయను కంటితో పట్టుకోగలగాలి. ఎండపొడ పడే చోట ఆ ఛాయ కనిపించదు. గ్యాస్ సిలిండరును నిటారుగా, తూముకు దూరంగా ఉంచండి. వంటగ్యాస్ గాలి కన్నా బరువైనది కనుక, కారితే నేల మీద పరుచుకుని పల్లానికి చేరుతుంది. నేల మట్టంలో గాలి పోయే కంత ఒకటి ఉండి తీరాలి. నీళ్ల పక్కన మోటారు తిరుగుతుంది కాబట్టి, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చును తప్పక బిగించుకోండి.

ఇక పనిముట్లు. కోతకు రంపపు చట్రం, సన్నని రంపపు తీగలు. రేకు మందంలో కనీసం మూడు పళ్లు ఆనేలా తీగను ఎంచుకోండి. పళ్లు పిడి వైపుకు దిగి ఉండాలి, తీగను మీటితే ఖంగున మోగాలి. బల్లపరుపు ఆకురాయి, అర్ధచంద్రపు ఆకురాయి ఒక్కొక్కటి, రెండు పట్టకార్లు, సుత్తి, చిన్న దాగలి, అతికేందుకు గ్యాస్ టార్చి, అతుకు బాగా పట్టేందుకు రాసే వెలిగారం, టంకం ఉంటే ఆరు నెలలు పని నేర్చుకోవచ్చు. తీగ లాగే కమ్మచ్చు, రేకు చుట్టే యంత్రం తరువాత కొనుక్కోవచ్చు. నిజంగా డబ్బు పెట్టవలసినది సానయంత్రం మీద. వాడినది కొనేటట్లయితే బెల్టులు విప్పి ఇరుసును చేత్తో తిప్పి చూడండి. గరగరమన్నా, పక్కకు ఊగినా తీసుకోవద్దు.

సాన పట్టేటప్పుడు 80, 220, 600, 1200, 3000 అంటూ ముతక నుంచి నునుపుకు పోతాము; ఇవి సాన గరుకును చెప్పే అంకెలు, అంకె పెరిగేకొద్దీ సాన నునుపవుతుంది. ప్రతి మెట్టు దగ్గరా రాయిని గుడ్డతో పూర్తిగా తుడిచి, ఆరనిచ్చి, దీపం కింద వంచి చూడండి. తడి రాయి గీతలను దాచిపెడుతుంది. 80 దగ్గర మిగిలిపోయిన గీత చిట్టచివర మెరుగు పెట్టినప్పుడు తేటగా బయటపడుతుంది, అప్పుడు మళ్లీ మొదటికి రావలసిందే.

ప్రశ్న: నేను అకీకు (అగేట్) రాళ్లకు ఎప్పుడూ నీళ్లు పోస్తూనే సాన పడతాను. దుమ్మే లేవదు కదా, మాస్కు అవసరమా?

జవాబు: అవసరమే. అకీకు అంటే సిలికా, ఇసుకలో ఉండే పదార్థమే. దాని సన్నని దుమ్ము ఊపిరితిత్తులలో చేరితే సిలికోసిస్ వస్తుంది, ఆ జబ్బు నయం కాదు. నీళ్లు దుమ్మును చాలావరకు అణచివేస్తాయి గాని, చక్రం చిమ్మే తుంపరలోనూ రాతిపొడి ఉంటుంది. అసలు ప్రమాదం పని ముగిశాక మొదలవుతుంది. పళ్లెంలోనూ, బల్ల అంచునా, మీ చొక్కా చేతుల మీదా అంటిన బురద రాత్రికి ఆరి తెల్లని పొడి అవుతుంది. పొద్దున చీపురు తగిలితే గాలిలోకి లేస్తుంది. కాబట్టి ఎన్‌95 మాస్కు వేసుకోండి. గుడ్డ మాస్కు ఈ దుమ్మును ఆపలేదు. బురద ఆరకముందే తడిగుడ్డతో తుడవండి, చీపురును ఆ వైపు రానివ్వకండి. బురదను తూములో పోస్తే గొట్టం పూడుకుపోతుంది కనుక, బకెట్టులో పేరనిచ్చి పైనీళ్లు వంపి, అడుగున మిగిలినదాన్ని తడిగా ఉండగానే సంచిలో కట్టి పారవేయండి. మాలకైటు వంటి రాగి రాళ్ల పొడి విషపూరితం. వాటి విషయంలో రెట్టింపు జాగ్రత్త పడాలి.

ప్రశ్న: అతికిన తరువాత నల్లదనం పోవడానికి వెండి ఉంగరాన్ని ఆమ్లపు నీటిలో వేస్తే గులాబీరంగుకు తిరిగింది. వెండి నకిలీదా?

జవాబు: కాదు. మీరు ఇనుప పట్టకారుతో తీసి ఉంటారు. వాడగా వాడగా ఆ నీటిలోకి రాగి చేరుతుంది. ఇనుము తగలగానే ఆ రాగి వెండి మీద పూతగా పడుతుంది. మొదట్లో నాకూ ఇలాగే జరిగి, ఒక గొలుసంతా మళ్లీ మెరుగు పెట్టవలసి వచ్చింది. పూత పలుచన కనుక సన్నని సానకాగితంతో రుద్దితే పోతుంది. ఇకమీదట రాగి పట్టకారు గాని ప్లాస్టిక్ పట్టకారు గాని వాడండి. ఉంగరంలో రాయి పొదగడం మాత్రం అతుకులు, ఆమ్లపు కడుగుడు అన్నీ అయిపోయిన తరువాతే. ముత్యం, ఫిరోజా, మాలకైటు ఆ నీటిలో పడితే పాడైపోతాయి.