నీ బొమ్మల గురించి రాయాల్సి వచ్చినప్పుడు

అమ్మాయీ,

ఆశీస్సులు. ఎగ్జిబిషన్ కేటలాగ్ కోసం నువ్వు రాసి పంపిన రెండు పేజీలూ చదివాను. తర్వాత నీ బొమ్మల ఫోటోలు ముందు పెట్టుకుని మళ్లీ చదివాను. ‘ప్రకృతే నా ప్రేరణ, నిరంతర అన్వేషణే నా సృజన’ అని మొదలుపెట్టావు. బొమ్మల్లో చూస్తే ఒక్క చెట్టు లేదు, ఆకాశం లేదు. ఉన్నవన్నీ ఖాళీ కుర్చీలు, సగం తెరిచిన తలుపులు, నేల మీద పడ్డ వెలుతురు. వాటి గురించి మాత్రం ఒక్క ముక్క కూడా రాయలేదు.

ఇది నీ ఒక్కదాని ఇబ్బంది కాదు. చేయి తిరిగిన చిత్రకారులు కూడా ‘మీకు ప్రేరణ ఏమిటి’ అని అడగ్గానే పెద్ద మాటల కోసం తడుముకుంటారు. ఎవరో పరీక్ష పెడుతున్నట్టు టెన్షన్ పడిపోతారు. అప్పటిదాకా రంగులతో అంత ధైర్యం చేసినవాళ్లు ఎక్కడో చదివిన వాక్యాల చాటుకి వెళ్లిపోతుంటే నాకు బాధేస్తుంది. మరీ చిన్నవి, ఏం చెబుతాంలే అని నువ్వు వదిలేసే విషయాలే చూడ్డానికి వచ్చినవాళ్లకి నిజంగా పనికొస్తాయి.

అందుకని మొదటినుంచి మళ్లీ రాయి. ఈసారి నీ గురించి మొదలుపెట్టకు, బొమ్మ దగ్గర మొదలుపెట్టు. ఒక్క బొమ్మ తీసుకో. అందులో నీ చెయ్యి చేసిన ఒక్క పని తీసుకో. అది ఎందుకు చేశావో, చేశాక ఏమైందో రాయి.

ఆ బూడిదరంగు కుర్చీ బొమ్మే చూడు. కుర్చీ కింద నీడ ఉన్నచోట, పైనున్న బూడిదరంగు పొరని తడి ఆరకముందే కుంచె వెనక మొనతో గీరావు. ఆ గీతల్లోంచి అడుగున వేసిన ఎల్లో ఓకర్ (పసుపు మట్టిరంగు) సన్నగా బయటపడింది. ఆ నాలుగైదు గీతల వల్లే అక్కడ నీడ చచ్చిపోకుండా ఉంది, కుర్చీలోంచి ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు ఉంది. అడుగున ఓకర్ ఎందుకు వేశావు? ముందు అక్కడ వేరే బొమ్మేదైనా ఉందా? గీరాలని ముందే అనుకున్నావా, లేక నీడ మరీ బరువెక్కిపోయిందని చిరాకొచ్చి గీరావా? వీటికి జవాబు రాస్తే సగం పేజీ నిండుతుంది. నీ ‘అంతరంగ మథనం’ ఏదో ఆ సగం పేజీలోనే కనపడుతుంది, వేరే చెప్పక్కర్లేదు.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. డచ్ చిత్రకారుడు వాన్‌గో తన తమ్ముడు థియోకి రాసిన ఉత్తరాలు 650కి పైగా మిగిలాయి. 1885లో దీపం వెలుతురులో బంగాళాదుంపలు తింటున్న రైతు కుటుంబం బొమ్మ వేస్తూ ఆయన ఏం రాశాడనుకున్నావు? ఆ ముఖాలకి వేసిన రంగు ఇప్పుడు దుమ్ముపట్టిన, తొక్కతీయని బంగాళాదుంప రంగుకి వచ్చిందని రాశాడు. పళ్లెంలోకి చాస్తున్న ఆ చేతులే నేలని తవ్విన చేతులని చూసేవాళ్లకి తెలియాలని రాశాడు. పేదల మీద ఆయనకున్న ప్రేమ, ఆ బొమ్మ వెనకున్న ఆలోచన, రంగు ఎంచుకోవడానికి కారణం అన్నీ అందులోనే వచ్చేశాయి. ప్రేరణ అనే మాట వాడాల్సిన అవసరమే రాలేదు.

ఇక రెండో సంగతి. ప్రేరణ ముందు వస్తుంది, బొమ్మ తర్వాత వస్తుంది అన్నట్టు రాశావు. నీ అనుభవం అలాగే ఉందా? నిజాయితీగా ఆలోచించు. నా మటుకు నాకు, చాలా బొమ్మలు అవి దేని గురించో సగం దాటాకే తెలిశాయి. పికాసో ‘గుయెర్నికా’ సంగతి చూడు. 1937 జనవరిలోనే స్పెయిన్ రిపబ్లిక్ ప్రభుత్వం పారిస్ ఎక్స్‌పో అనే ప్రపంచ ప్రదర్శనలో తమ దేశపు పెవిలియన్ కోసం పెద్ద చిత్రం వేయమని అడిగింది. నెలలు గడిచాయి. ఆయన స్టూడియోలో చిత్రకారుడు, మోడల్ అంటూ ఏవో స్కెచ్‌లు గీస్తూ ఉండిపోయాడు. ఏప్రిల్ 26న స్పెయిన్‌లోని గుయెర్నికా ఊరి మీద బాంబులు పడ్డాయి. మే 1న కొత్త స్కెచ్‌లు మొదలయ్యాయి, జూన్ మొదట్లో దాదాపు 3.5 మీటర్ల ఎత్తు, 7.8 మీటర్ల వెడల్పున్న ఆ కాన్వాస్ పూర్తయింది.

ఇంతవరకే చెబితే ‘బాంబులు పడ్డాయి, ప్రేరణ వచ్చింది, బొమ్మ వేశాడు’ అని కథ ముగుస్తుంది. కానీ ఆయన పని చేస్తుండగా ఫోటోగ్రాఫర్ డోరా మార్ దశలవారీగా ఫోటోలు తీసింది. అవి దొరికితే తప్పకుండా చూడు, ఒక పూట కేటాయించి చూడు. మొదట కిందపడ్డ సైనికుడు పిడికిలి బిగించి చెయ్యి నిటారుగా పైకెత్తి ఉంటాడు. తర్వాత ఆ పిడికిట్లోకి ధాన్యపు కంకులు వచ్చాయి, వెనక సూర్యుడు వచ్చాడు. ఆ తర్వాత చెయ్యే పోయింది. సూర్యుడు ఉన్నచోటికి చివరికి కన్నులాంటి ఆకారం, అందులో కరెంటు బల్బు వచ్చి చేరాయి. ఎత్తిన పిడికిలి అంటే పోరాటం, ఆశ. దాన్ని తీసేయాలన్న నిర్ణయం బాంబుల వార్త చదివిన రోజున వచ్చింది కాదు. కాన్వాస్ ముందు నిలబడి, వేసినదాన్ని చూసి, ఇది కాదు అనుకుంటే వచ్చింది. నువ్వు కేటలాగ్‌లో రాయాల్సింది ఇలాంటి తీసివేతల గురించి. ఏం పెట్టావో బొమ్మలో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. ఏం తీసేశావో నువ్వు చెబితే తప్ప తెలియదు.

సామాను గురించి కూడా రాయి. రంగు, కాగితం, కాన్వాస్ సైజు లాంటివి ప్రేరణ కిందకి రావని చాలామందికి ఒక చిన్నచూపు. నేను ఒప్పుకోను. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ 1831 ప్రాంతంలో, డెబ్బై దాటిన వయసులో వేసిన ఆ మహా కెరటం బొమ్మలో అంత లోతైన నీలం ఎక్కడిది? ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలం రంగు అప్పటికి జపాన్‌లో అచ్చు బొమ్మలకి వాడుకునేంత చవగ్గా దొరకడం మొదలైంది. ఆ రంగు లేకుండా ఆ కెరటాన్ని ఒకసారి ఊహించుకో. ఫ్రెంచ్ చిత్రకారుడు మాటిస్‌కి 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక ఈజిల్ ముందు ఎక్కువసేపు నిలబడే ఓపిక పోయింది. సహాయకుల చేత కాగితాలకి గ్వాష్ రంగులు (నీళ్లలో కలిపే చిక్కటి రంగులు) పూయించుకుని, కూర్చునో పడుకునో వాటిని కత్తెరతో కత్తిరిస్తూ, గోడకి గుచ్చి జరిపించుకుంటూ కొత్త రకం బొమ్మలే మొదలుపెట్టాడు. ఒంటికి ఏది వీలైతే ఆ దారినే వెళ్లాడు. నువ్వు పెద్ద కాన్వాసులు మానేసి చెక్క పలకల మీదకి ఎందుకు మారావో మొన్న ఫోన్‌లో నాతో చెప్పావు కదా, గది ఇరుకని, పలక అయితే ఒళ్లో పెట్టుకుని వేయొచ్చని. అది రాయి. ఒళ్లో పెట్టుకుని వేయడం వల్లే నీ బొమ్మల్లో చూపు పైనుంచి కిందకి వాలి ఉంటుందని నా అనుమానం. సరిచూసుకో.

ఇప్పుడు జ్ఞాపకం గురించి జాగ్రత్త చెబుతాను. రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ 1913లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో ఒక మాట రాశాడు. అంతకు చాలా ఏళ్ల ముందు, ఇంకా న్యాయశాస్త్రం వైపు ఉన్నప్పుడు, మాస్కోలో ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే వేసిన గడ్డివాము బొమ్మ చూశాడట. అది గడ్డివామని కేటలాగ్ చూస్తే గానీ ఆయనకి తెలియలేదట. ఏమిటో పోల్చుకోలేకపోయినా ఆ బొమ్మ మనసులోంచి పోలేదట. ఇంకోసారి సాయంత్రం మసకవెలుతురులో తన స్టూడియోలోకి వస్తే గోడకి ఆనించి అద్భుతమైన బొమ్మ ఒకటి కనిపించిందట. దగ్గరికెళ్తే తన బొమ్మే, పక్కకి తిప్పి పెట్టి ఉందట. రెండూ నాకు ఎంతో ఇష్టమైన సంగతులు. అయితే ఏళ్ల తర్వాత గుర్తుచేసుకుని రాసినప్పుడు జ్ఞాపకం తనకు తెలియకుండానే కొంత సర్దుతుంది. ఎక్కడికి చేరామో తెలిశాక, దారిలో దానికి సరిపోయే మలుపులే గుర్తుంటాయి. సరిపోనివి జారిపోతాయి.

అందుకే ఇప్పటినుంచే రాసి పెట్టుకో. రోజూ పని ఆపే ముందు, చేతులు కడుక్కోకముందే, స్కెచ్‌బుక్‌లో రెండు లైన్లు చాలు. ఇవాళ ఏం మార్చావు, ఏది ఇంకా కుదరలేదు. ఫోన్‌తో ఒక ఫోటో, వీలైనంతవరకు అదే చోటునుంచి, అదే వెలుతురులో. కాగితం మీద వేసినవాటికి వెనక పెన్సిల్‌తో తేదీ, వాడిన రంగులు. డైరీలా మనసులో మాటలన్నీ రాయాలని పెట్టుకోకు, అలా అయితే నాలుగు రోజుల్లో మానేస్తావు. ‘ఎడమవైపు తలుపు మూసేశాను, బొమ్మ ఊపిరాడనట్టుంది, రేపు మళ్లీ తెరవాలి’ ఇంత రాస్తే చాలు. పాడైపోయాయనుకున్న బొమ్మలు కూడా పారేయకు. కనీసం ఫోటో ఉంచుకో. ఏ దారిలో వెళ్లి వెనక్కి వచ్చావో వాటిలోనే ఉంటుంది.

నీకు నచ్చిన చిత్రకారుల పేర్లు వరసగా తొమ్మిదో పదో ఇచ్చావు. అందరూ గొప్పవాళ్లే, కానీ ఆ వరస వల్ల చదివేవాళ్లకి నీ గురించి ఏమీ తెలియదు. ఇద్దరి పేర్లు ఉంచు చాలు. వాళ్ల దగ్గర ఏం తీసుకున్నావో మాత్రం ఖచ్చితంగా చెప్పు. వాన్‌గో 1887లో జపాన్ చిత్రకారుడు హిరోషిగే అచ్చు బొమ్మల్ని గళ్లు గీసుకుని మరీ నూనె రంగుల్లో కాపీ చేశాడు. ప్లమ్ చెట్టు కొమ్మ ఒకటి బొమ్మకి అడ్డంగా ముందుకొచ్చి చూపుని ఆపేయడం, రంగుని పలచబరచకుండా బల్లపరుపుగా పరచడం చేత్తో వేసి నేర్చుకున్నాడు. దాచలేదు, సిగ్గుపడలేదు. అమృతా షేర్‌గిల్ పారిస్‌లో చదువుకుని 1934లో తిరిగొచ్చింది. 1936 చివర్లో దక్షిణాదికి బయల్దేరి, దారిలో అజంతా గోడ చిత్రాలు చూసింది. 1937లో వేసిన ‘పెళ్లికూతురి అలంకరణ’, ‘బ్రహ్మచారులు’ చూస్తే ఆ ప్రభావం ఎక్కడ పనిచేసిందో తెలుస్తుంది. మనుషుల ఆకారాలు తేలికైన గీతల్లోకి ఒదిగాయి, మట్టి ఎరుపులు వచ్చాయి, గుంపులో అందరూ నిశ్శబ్దంగా ఒకరికొకరు ఆనుకుని ఉంటారు. ప్రభావం అంటే ఇలా వేలు పెట్టి చూపించగలిగేది. నీ బొమ్మలో వేలు పెట్టి చూపించలేని పేరుని తీసేయి. నెట్‌లో దొరికిన ఫోటో చూసి వేసిన బొమ్మ ఏదైనా ఉంటే, ఆ ఫోటో తీసినవాళ్ల అనుమతి తీసుకుని పేరు కూడా రాయి. ఇది మర్యాదే కాదు, హక్కుల విషయం కూడా.

మీ నాన్నగారి సంగతి రాయాలా వద్దా అని అడిగావు. ఆ ఖాళీ కుర్చీ ఎవరిదో నాకు తెలుసు. అందరికీ తెలియాలన్న రూలేమీ లేదు తల్లీ. ఎగ్జిబిషన్ చూసుకునే క్యూరేటర్ అడిగారనో, చదివేవాళ్ల గుండె కరుగుతుందనో రాయకు. రాయకుండా ఉంటే అబద్ధమాడినట్టు ఉంటుందనిపిస్తే, ఒక్క వాక్యం రాసి ఆగిపో. నీకు ఇంకా పచ్చిగా ఉన్న దుఃఖం కేటలాగ్‌లో అచ్చయ్యాక, ప్రారంభం రోజున ప్రతివాళ్లూ దాని గురించే అడుగుతారు. రంగు గురించి ఒక్కరూ అడగరు. నువ్వు నిలబడి జవాబు చెప్పగలవా అన్నది ముందు చూసుకో. నా మాట అడిగితే, ఈసారికి వద్దంటాను. ఆ కుర్చీ దానంతటది చెప్పాల్సినంత చెబుతూనే ఉంది.

పని ముందుకు సాగని రోజుల గురించి ఏమీ రాయలేదు, అవి కూడా రాయొచ్చు. బొమ్మ కదలనప్పుడు నువ్వేం చేస్తావు? దాన్ని తలకిందులు చేసి చూస్తావా, అద్దంలో చూస్తావా, గోడవైపు తిప్పి పెట్టేస్తావా? గోడల మీద మరకల్లోకి చూస్తూ కూర్చుంటే అందులో కొండలు, యుద్ధాలు, ముఖాలు కనిపిస్తాయని లియొనార్డో చిత్రకారులకి సలహా రాసిపెట్టాడు. పాత చిట్కాయే, ఇప్పటికీ పనిచేస్తుంది.

భాష సంగతి. రాశాక పైకి చదువు. నోటితో నువ్వెప్పుడూ అనని మాట ఏదైనా తగిలితే కొట్టేయి. ‘అన్వేషణ’, ‘ఆవిష్కరణ’, ‘అంతర్లోకం’ నాకు ఇప్పుడే మూడు దొరికాయి. అచ్చులో ఒక పేజీకి మించకుండా చూసుకో, ఎగ్జిబిషన్‌లో నిలబడి చదివేవాళ్లకి అంతకన్నా ఓపిక ఉండదు. బొమ్మల పేర్ల కింద వేసిన సంవత్సరం, ఏ రంగులు, దేని మీద, కొలతలు తప్పకుండా ఉండాలి. కొలతల్లో ఎత్తు ముందు, వెడల్పు తర్వాత రాయి. నువ్వు రెండు చోట్ల తారుమారు చేశావు, ఆ తలుపు బొమ్మ అడ్డంగా ఉందని అనుకుంటారు.

ముందు బూడిదరంగు కుర్చీ గురించి ఒక్కటి రాసి పంపు. అది కుదిరితే మిగతావి కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు