తొడిమతో సహా ఏరు నాయనా

మూలాపేట, నెల్లూరు.

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

పుస్తకంగా వేద్దామని నువ్వు ఒంగోలు నుంచి పంపిన కట్ట అందింది. మన రెండు జిల్లాల వాళ్ళ పద్యాలు, గేయాలు, వచన కవితలు కలిపి 140. నాలుగు రోజులుగా పొద్దున్నే వాటితోనే కూర్చుంటున్నా. నీ పూనిక చూస్తే కడుపు నిండిపోయింది. అందుకే మనసులో ఉన్నది దాచకుండా రాస్తున్నా.

ముందు అట్ట మీద మాట మార్చు. ఒకే కవి రాసినవి ఒకచోట వేస్తే సంపుటి. పలువురివి ఏర్చి కూరిస్తే సంకలనం. నువ్వు సంపుటి అని వేశావు. లోపల ముందుమాటలో ఆంథాలజీ అన్నావు, అది సరైన మాటే. అయితే ఆ మాట ఎట్టా పుట్టిందో తెలుసుకుంటే చేయాల్సిన పనేందో నీకే తెలుస్తుంది.

గ్రీకులో ఆంథోస్ అంటే పువ్వు, లెగెయిన్ అంటే ఏరడం. పూలు ఏరడమే ఆంథొలొగియా. క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దంలో గదర ఊరి కవి మెలియాగర్, తన ముందువాళ్ళ చిన్న చిన్న పద్యాలు ఏరి ఒక పుస్తకం కూర్చాడు. దానికి పెట్టుకున్న పేరు స్తెఫనోస్, అంటే దండ. మొదటి పద్యంలోనే ఒక్కో కవినీ ఒక్కో పువ్వుతోనో ఆకుతోనో పోల్చుకుంటూ పోయాడు. శాఫో అనే కవయిత్రి దగ్గరికి వచ్చేసరికి, ఆమెవి కొద్దే, అయినా గులాబీలు అన్నాడు. ఆ ముక్క చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. లాటిన్ వాళ్ళ ఫ్లోరిలేజియం కూడా పూలు ఏరడమే.

మన సంకలనం అనే మాట లెక్కల్లోనూ ఉంది, కూడిక అని. మన మాటలో కూడటం ఉంది, వాళ్ళ మాటలో ఏరడం ఉంది. నీ కట్టలో కూడటం అయింది, ఏరడం ఇంకా మొదలు కాలేదు. ఏరడం మనకు కొత్త కాదు నాయనా. ప్రాకృతంలో హాలుడు కూర్చిన గాథాసప్తశతి మొదట్లోనే, కోటి గాథల్లోంచి, అంటే చిన్న పద్యాల్లోంచి, ఏడు వందలు ఏరినట్టు చెప్పుకున్నారు. కోటి అన్నది మాటవరసకే అనుకో, అయినా వదిలేసినవి ఎన్ని ఉండాలి!

మా అమ్మ కదంబం కట్టేప్పుడు నువ్వు చంటివాడివి. తడిగుడ్డ మీద మల్లెలు, కనకాంబరాలు, మరువం వేరువేరుగా పోసుకునేది. అరటినార నీళ్ళలో నానేసేది. నాలుగు మల్లెలు, రెండు కనకాంబరాలు, ఒక మరువం రెమ్మ, ముడి. తొడిమ తెగిన మొగ్గ ఎంత బాగున్నా పక్కన పెట్టేసేది, ముడిలో నిలవదు కాబట్టి. నీ కట్టలో పెన్న వరద మీదే వరసగా 11 ఉన్నాయి. మూడు ఉంచు. కందుకూరు వైపు పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర మంట చూసుకుంటూ రాత్రిళ్ళు మేలుకున్న వాళ్ళ పాట మాత్రం ఒక్కటీ లేదు. పోయి అడుగు, ఉంటుంది.

కవితకు తొడిమ అంటే రాసినవాళ్ళ పేరు, ఏడాది, మొదట ఎక్కడ అచ్చయింది అన్న వివరం. నీ వాటిలో 26కి ఇవి లేవు. దీని మీద గట్టిగా చెప్పడానికి కారణముంది. నేను పంతులమ్మగా ఉన్నప్పుడు పిల్లల కోసం ఒక చిన్న సంకలనం కూర్చాను. ఒక విడికాగితం మీద దొరికిన పద్యం నచ్చి, పేరు వెతక్కుండా 'అజ్ఞాత కవి' అని వేసేశాను. పుస్తకం పంచాక ఒకామె ఇంటికి వచ్చింది. ఆ పేజీ తీసి, "ఇది మా నాయన రాసింది టీచరమ్మా" అంది. గొంతు పెంచలేదు. పద్యం పక్కన ఖాళీ మీద వేలు పెట్టి చూపించింది, అంతే. మిగిలిన ప్రతులన్నిట్లో ఆయన పేరు చేత్తో రాశాను. పంచేసిన వాటిని వెనక్కి తేలేకపోయాను.

హక్కుల సంగతి కూడా చూసుకో. కవి పోయాక 60 ఏళ్ళ దాకా హక్కు వారసులది. అడిగి, కాగితం మీద సంతకం తీసుకో.

ఇదంతా ఎందుకంటే, మన తిక్కన రాశాడని చెప్పే విజయసేనం పుస్తకంగా దొరకలేదు. ఎవరో తమ గ్రంథాల్లోకి పేరుతో సహా ఎత్తి రాసుకున్న పద్యాలే మిగిలాయి. ఎత్తి రాసినవాడు పేరు వదిలేసి ఉంటే అవి తిక్కనవని మనకు తెలిసేదా? మీ వైపు ఎర్రన రామాయణం కూడా పోయింది.

ఆ 26 కవితలకు ఎర్ర దారం కట్టి విడిగా పెట్టాను. వచ్చే ఆదివారం పొద్దుటి బండికి రా. ఒక తెల్ల నోటుబుక్కు తెచ్చుకో. వాటిలో నాలుగింటిని రాసిన వాళ్ళ ఇళ్ళు నాకు తెలుసు, కలిసి పోదాం.

నీ పెద్దమ్మ